నాలుగో గడి

పాత క్రైస్తవ గుడి పడగొట్టి కొత్తది కడుతున్నారు. గుండ్లకమ్మ ఏటికి దగ్గర్లో ఉన్న చిన్న పల్లె, యాభై గడపల పేట. వేదిక వెనక గదిలోంచి తుప్పుపట్టిన రేకు పెట్టె ఒకటి తెచ్చి వేపచెట్టు కింద పెట్టి మూత తీశారు. ముందు కిరసనాయిలు వాసన కొట్టింది, దాని వెనకే కలరా ఉండల వాసన. లోపల చర్మం చినిగిన కంజరి, కట్టె పిడి ఉన్న కానుకల సంచి, పెట్రోమాక్స్ లైటు తాలూకు ఇత్తడి పంపు. అన్నిటికీ అడుగున ఎర్ర గుడ్డ అట్ట వేసిన పొడవాటి లెక్కల పుస్తకం.

పేరుకే లెక్కల పుస్తకం. అందులో రూపాయల ఊసు లేదు. పేజీకి నాలుగు గడులు గీసి ఉన్నాయి: తేదీ, పేరు, మనవి, జవాబు. ఆ పేట దేవుణ్ణి ఏమేం అడిగిందో, ఏం దొరికిందో సంఘపెద్ద ఏళ్ల తరబడి వరసగా రాసుకుంటూ వచ్చారు. మొదటి మూడు గడులు ఎవరైనా రాయగలరు. నాలుగోది నింపడానికే గుండె కావాలి. ఆ పేజీలు తిప్పుతుంటే ఆ రాత్రులన్నీ ఒక్కొక్కటే లేచి వచ్చాయి.

లైటు కాగే దాకా

ప్రార్థన కూటం ఉన్న రోజు పొద్దుగూకగానే పని లైటుతో మొదలయ్యేది. ట్యాంకులో ముప్పాతికకు మించి కిరసనాయిలు పోయకూడదు, పైన గాలికి చోటుండాలి. కొత్త మ్యాంటిల్ అయితే దారం బిగించి కట్టి, ముందు దాన్ని కాలనివ్వాలి. కాలాక మిగిలే తెల్లటి బూడిద గూడే వెలుగిచ్చేది, వేలు తగిలితే రాలిపోతుంది. చిన్న గిన్నెలో స్పిరిట్ పోసి అంటించి, అది ఆరబోయే దాకా ఓపిక పట్టాలి. కుర్రాళ్లు సరిగ్గా అక్కడే తొందరపడేవారు. గొట్టం కాగకముందే పంపు కొడితే నూనె ఆవిరి కాకుండా నూనెగానే పైకి తన్నుకొచ్చి, పసుపుపచ్చ మంట లేచి, గాజంతా మసిబారేది. మళ్లీ మొదటికి రావాలి.

పక్కనే ఇంకొకరు తాటాకు మంట వేసి కంజరి కాచేవారు. వానాకాలం చర్మం మెత్తబడి ధబ్ ధబ్ అంటుంది. కాస్త సెగ తగిలితే గానీ గలగలమని పలకదు, ఎక్కువైతే చిట్లిపోతుంది.

లైటు వెలిగాక దాని బుస్సుమనే చప్పుడు కూటమంతా ఉండేది. కీర్తనల్లో అది వినపడదు. అందరూ తలలు వంచి మాటలు ఆపిన క్షణంలో మాత్రం అదొక్కటే వినిపించేది. ఇప్పుడు ట్యూబులైట్ల కింద, స్పీకర్ల మధ్య జరిగే కూటాల్లో ఆ మౌనం కనిపించదు. ఎవరూ మాట్లాడకపోతే మైకు పోయిందేమో అనుకుంటున్నారు.

పలకరించకుండా అప్పు అడుగుతారా?

చెప్పులు గుమ్మం బయట. ఆడవాళ్లు కొంగు తల మీదికి. ఈతాకు చాపల మీద రెండు కీర్తనలు, వాక్యం, దేవుడు చేసిన మేళ్లు చెప్పుకునే సాక్ష్యాలు, ఆ తర్వాత మనవులు చెప్పుకోవడం. అప్పుడు ప్రార్థన. ఒకరి తర్వాత ఒకరు, గొలుసులాగా.

పిల్లలకు ప్రార్థన నేర్పేటప్పుడు వరస తప్పనిచ్చేవారు కాదు. ముందు స్తుతి, తర్వాత కృతజ్ఞత, తర్వాత తప్పు ఒప్పుకోవడం, ఆ పైనే విజ్ఞాపన, మళ్లీ స్తుతితో ముగింపు. నేరుగా "ప్రభువా, పరీక్ష పాసు చెయ్యి" అని మొదలుపెట్టిన పిల్లవాణ్ణి పెద్దాయన ఆపేవారు. "ఇంటికొచ్చినవాడు పలకరించకుండా అప్పు అడుగుతాడంట్రా?"

ఈ వరస పేటలో పుట్టింది కాదు. క్రీ.శ. 233, 234 ప్రాంతాల్లో ఓరిగెను అనే పండితుడు ప్రార్థన గురించి రాసిన గ్రంథం చివర్లో ఇదే క్రమం ఉంది: మహిమపరచడం, కృతజ్ఞత, ఒప్పుకోలు, మనవి, మళ్లీ మహిమ. ఆయన ఒళ్లు ఎలా ఉంచాలో కూడా చెప్పాడు. నిలబడి, చేతులు చాచి, కళ్లు పైకెత్తి, తూర్పు ముఖంగా ప్రార్థించాలి. కాళ్ల నొప్పులుంటే కూర్చోవచ్చు, జ్వరం వస్తే పడుకునే చేసుకోవచ్చు. మోకాళ్లు వంగని ముసలమ్మలు గోడకు చేరగిలబడి కళ్లు మూసుకున్నప్పుడు వాళ్లని ఎవరూ తప్పుపట్టలేదు. ఆ వెసులుబాటు ఎంత పాతదో ఎవరికీ తెలియకపోయినా.

మోకాళ్లు మాత్రం ఆ తొలి క్రైస్తవులకు ఆదివారం పనికిరావు. ఆదివారం పునరుత్థాన దినం, లేచి నిలబడే రోజు. 325లో నైసియాలో కూడిన బిషప్పుల సభ తన ఇరవయ్యో కట్టడలో ఆదివారాలూ, పస్కా (ఈస్టర్) నుంచి పెంతెకొస్తు పండుగ దాకా ఉన్న రోజులూ నిలబడే ప్రార్థించాలని రాసింది. మోకరిస్తేనే భక్తి అనుకునే మన పద్ధతి తర్వాత వచ్చిందే.

ఓరిగెను ఆ గ్రంథం రాయడానికి కారణం అంబ్రోసు, తతియానా అనే ఇద్దరు. వాళ్లు అడిగింది ఈనాటికీ పదో తరగతి పిల్లలు అడిగేదే. దేవుడికి అన్నీ ముందే తెలిసినప్పుడు, ఏది జరగాలో ముందే నిర్ణయమైనప్పుడు అడగడం దేనికి? పొద్దు పొడవాలని ప్రార్థించి, పొడిచాక నా ప్రార్థన వల్లే అనుకోవడం వెర్రి కదా? ఓరిగెను ఈ ప్రశ్నను తోసిపుచ్చలేదు. నువ్వు అడగబోయే మనవి కూడా దేవుడికి ముందే తెలిసినవాటిలో ఒకటనీ, దాన్ని కూడా కలుపుకునే ఆయన ఏర్పాటు చేస్తాడనీ చెప్పాడు. సంఘపెద్ద ఓరిగెనును చదివి ఉండరు. అడిగినవాళ్లకు ఆయన చెప్పే మాట వేరు: "బిడ్డకు ఆకలేస్తుందని తల్లికి తెలుసు. అయినా అమ్మా అని పిలిస్తే వినాలని ఉండదా?"

స్తో, కొ, కృ

పుస్తకంలో జవాబు గడి నిండా మూడే అక్షరాలు.

"స్తో" అంటే స్తోత్రం, జరిగింది. "కొ" అంటే కొనసాగుతోంది, ఇంకా అడుగుతున్నాం. "కృ" అంటే ఇక రాదు. బైబిలులో పౌలు తన శరీరంలోని ముల్లు తీసెయ్యమని ముమ్మారు వేడుకుంటే వచ్చిన జవాబులోని "కృప" అన్న మాటకు మొదటి అక్షరం అది: "నా కృప నీకు చాలును." రోగి చనిపోతే "కృ" పక్కన "ప్రభువునందు నిద్రించెను" అని తేదీ కూడా ఉంటుంది.

మనవులు చదువుతుంటే ఆ పేట బతుకంతా కళ్లముందు కదులుతుంది. గేదె ఈనడం కష్టమైంది. వాన. కాన్పు. మొగుడి తాగుడు. పొగాకు బేరం. మళ్లీ వాన. కొడుకు బెజవాడ వెళ్లి ఉత్తరం రాయలేదు. వాన. "అడుగుడి మీకియ్యబడును" అని నమ్మినవాళ్లు అడగడానికి సిగ్గుపడలేదు. "మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము" అన్న మాట వాళ్లకు ఉపమానం కాదు, రేపటి గంజి.

"కృ"లు తక్కువేమీ కాదు. పెద్దాయన ఒక్కదాన్నీ దాచలేదు. సాక్ష్యాల సమయంలో స్తోత్రాలు చదివినట్టే, ఏడాది ఆఖరి రాత్రి కూటంలో కృపలు కూడా పేరుపేరునా చదివేవారు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి పేరు చదివినప్పుడు ఆడవాళ్లంతా జరిగి ఆమె చుట్టూ కూర్చునేవారు.

సుమారు క్రీ.శ. 200లో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజిలో తెర్తుల్లియను అనే క్రైస్తవ రచయిత ప్రార్థన మీద రాసిన గ్రంథంలోని మాటలు మొదటిసారి చదివినప్పుడు ఆ రాత్రులే గుర్తొచ్చాయి. పాత కాలపు ప్రార్థన అగ్నిగుండం నుంచి, సింహాల నుంచి, కరువు నుంచి తప్పించింది అంటాడాయన. క్రైస్తవుడి ప్రార్థన మంటల మధ్యకు మంచు చల్లే దూతను దింపదు, సింహాల నోళ్లు కట్టదు, బాధ తెలియకుండా చేయదు. బాధపడేవాళ్లకు ఓర్చుకునే బలమిస్తుంది. తోటి విశ్వాసుల్ని చంపుతున్న కాలంలో బతుకుతూ ఆ మనిషి అలా రాశాడు. ప్రార్థన ఫలించలేదని నిరాశపడి అన్న మాట కాదది, ఫలం ఎక్కడ వెతకాలో చూపించిన మాట. ప్రార్థన గురించి రాసినవాళ్లలో ఇంత నిజాయితీగా చెప్పినవాళ్లు అరుదు. అదే గ్రంథంలో, ప్రార్థనకు ముందు పైబట్ట తీసెయ్యడం, ముగియగానే మంచం మీద కూలబడటం లాంటి అర్థంలేని అలవాట్లను కూడా మందలిస్తాడు. గొంతు తగ్గించమంటాడు. దేవుడు వినేది గొంతును కాదు, గుండెను.

శుక్రవారం పస్తు

శుక్రవారం ఆడవాళ్ల ఉపవాస కూటం. పొద్దున ఏమీ తినకుండా పొలం పని, మధ్యాహ్నం గుడి, సాయంత్రం ప్రార్థన ముగిశాక బెల్లం టీ. చంటిపిల్లల తల్లులకూ, మాత్రలు వేసుకునేవాళ్లకూ ఉపవాసం వద్దనేవారు. ఆ పూట ఇంట్లో మిగిలిన గింజలు విడిగా తీసిపెట్టి, ఇల్లు గడవని వాళ్లకు పంపేవారు.

శుక్రవారమే ఎందుకంటే సిలువ రోజు కాబట్టి అని అందరికీ తెలుసు. అది ఎంత పాతదో తెలియజేసే పుస్తకం ఒకటుంది. తొలి సంఘాల కాలం నాటి చిన్న కరదీపిక, పేరు దిదాఖే. దాని రాతప్రతిని 1873లో కాన్‌స్టాంటినోపుల్‌లో బ్రియెన్నియోస్ అనే మతగురువు కనుక్కుని 1883లో అచ్చువేయించాడు. బుధవారం, శుక్రవారం ఉపవాసం ఉండమనీ, పరలోక ప్రార్థన రోజుకు మూడుసార్లు చెప్పమనీ అందులో ఉంది. ఏం అడగాలో, ఎన్ని జవాబులొస్తాయో కాదు, రోజుకు మూడుసార్లు అని. పని మధ్యలో ఆగి ఆ ఏడెనిమిది వాక్యాలు చెప్పుకోవడమే వాళ్ల ప్రార్థన జీవితం. పత్తి ఏరుతూ, గుడి గంట వినపడగానే నడుం నిలబెట్టి పెదాలు కదిపే ఆడవాళ్లను చూసినవాళ్లకు దిదాఖే కొత్తగా అనిపించదు.

ఇరవై నాలుగేళ్ల "కొ"

ఒంగోలు చుట్టుపక్కల పెరిగినవాళ్లెవరికీ ప్రార్థన కొండ గురించి చెప్పక్కర్లేదు. 1854 జనవరి 1 తెల్లవారుజామున అమెరికన్ బాప్తిస్టు మిషనరీ జ్యూయెట్ దొర, ఆయన భార్య, నెల్లూరు నుంచి వాళ్లతో వచ్చిన ముగ్గురు తెలుగువాళ్లు, మొత్తం ఐదుగురు ఆ కొండెక్కారు. అంతకుముందు ఏడాదే అమెరికాలోని ఆల్బనీలో జరిగిన సమావేశంలో, ఇన్నేళ్లయినా పట్టుమని పదిమంది చేరని ఈ తెలుగు మిషనును మూసేద్దామా అన్న చర్చ నడిచింది. కొండమీద ఐదుగురూ కింద కనిపిస్తున్న ఊరికి ఒక బోధకుణ్ణి పంపమని అడిగారు.

ఆ బోధకుడిగా క్లౌ అనే మిషనరీ దొర ఒంగోలుకు వచ్చి స్థిరపడింది 1866లో. అంటే పన్నెండేళ్లు "కొ". 1876 నుంచి 1878 దాకా పెద్ద కరువు. ఆయన బకింగ్‌హాం కాలవ తవ్వకంలో ఒక భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇచ్చాడు. కూలి కోసం వచ్చి చేరుతున్నారన్న మాట రాకూడదని కరువు పనులు నడిచినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. పనులు ముగిశాక 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఇచ్చింది దొర కాదు. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున నీళ్లలో దిగి, అలిసినప్పుడు మరో ఇద్దరికి వదిలిపెట్టి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇచ్చారు.

ఇది కొండమీది ప్రార్థనకు జవాబా, కరువు ఫలితమా అని చరిత్రకారులు వాదిస్తారు. వాదించాల్సిందే. ఎర్రగుంట్ల పేరయ్య లాంటి మాదిగ పెద్దలు ఊరూరా కాలినడకన తిరిగి చెప్పకపోతే ఆ నది ఒడ్డుకు అంతమంది వచ్చేవారు కాదు. అంటరానితనం కింద నలిగిన జనం తమ బతుకును తామే మార్చుకోవాలనుకున్నారు. కానీ పేటలో ముసలివాళ్లు ఈ రెంటినీ ఎప్పుడూ విడదీయలేదు. "పేరయ్యే జవాబు" అనేవారు. దేవుడి జవాబు మనిషి కాళ్లతో నడిచి వస్తుందని వాళ్ల లెక్క.

అడిగిందొకటి

పుస్తకంలో కొన్నిచోట్ల ఒకే వరసలో రెండు అక్షరాలున్నాయి, "కృ" కొట్టేసి పైన "స్తో", పక్కన చాలా ఏళ్ల తర్వాతి తేదీ. అలాంటివి చూస్తే మోనికా గుర్తొస్తుంది. కొడుకు అగస్టీను (తర్వాత పెద్ద క్రైస్తవ పండితుడయ్యాడు) తనను వదిలి రోముకు ఓడెక్కకూడదని ఆమె ఆ రాత్రంతా కార్తేజి రేవు దగ్గరి చిన్న గుడిలో ఏడుస్తూ ప్రార్థించింది. తెల్లారేసరికి ఓడ వెళ్లిపోయింది. ఇటలీ వెళ్లాకనే అతను విశ్వాసి అయ్యాడు. ఆ రాత్రి ఆమె అడిగింది ఇవ్వకుండా, ఎప్పుడూ అడుగుతున్నది ఇచ్చావు అని తర్వాత ఆయనే దేవుడితో అన్నాడు. 410లో రోము దోపిడీకి గురయ్యాక ఆఫ్రికాకు పారిపోయి వచ్చిన ప్రోబా అనే విధవరాలికి ఎలా ప్రార్థించాలో ఉత్తరం రాసింది కూడా ఈయనే. మన మాటలు దేవుడికి విషయం తెలియజేయడానికి కావు, మన కోరికకు సాన పట్టడానికి అని అందులో సారం.

లెక్కకు లొంగనిది

మనవులు రాసిపెట్టే అలవాటు మిషనరీల దగ్గర్నుంచే పల్లెలకు వచ్చి ఉంటుంది. ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో అనాథాశ్రమాలు నడిపిన జార్జి ముల్లర్ ఆ పద్ధతికి పేరుపొందాడు. ఒక పేజీలో మనవి, తేదీ, ఎదుటి పేజీలో జవాబు, తేదీ. ఎవరినీ చందా అడగకుండా దేవుణ్ణే అడుగుతానని పట్టుబట్టి, ఆష్లీ డౌన్‌లో ఐదు పెద్ద భవనాలు కట్టి, ఒకేసారి రెండు వేలమంది పిల్లలకు తిండి పెట్టాడు.

అదే ఇంగ్లండులో 1872లో ఫ్రాన్సిస్ గాల్టన్ అనే శాస్త్రవేత్త మరో రకం లెక్క వేశాడు. ప్రతి ఆదివారం దేశమంతా రాజుల ఆయుష్షు కోసం ప్రార్థిస్తోంది కదా, మరి వాళ్ల సగటు వయసెంత? 64 చిల్లర. సంపన్న వర్గాలన్నిట్లోకీ తక్కువ. తర్వాత అమెరికాలో ఆరు ఆసుపత్రుల్లో 1,802 మంది గుండె బైపాస్ రోగులపై పెద్ద పరిశోధన జరిగి 2006లో అచ్చయింది. ప్రార్థన చేసేవాళ్లకు రోగి పేరూ, ఇంటిపేరు మొదటి అక్షరం మాత్రమే ఇచ్చారు. పద్నాలుగు రోజుల ప్రార్థన. తమ కోసం ప్రార్థన జరుగుతోందో లేదో తెలియని రెండు గుంపుల్లో, ప్రార్థన అందినవాళ్లలో 52 శాతం మందికి, అందనివాళ్లలో 51 శాతం మందికి ఇబ్బందులు వచ్చాయి. ప్రార్థన జరుగుతోందని ఖాయంగా తెలిసినవాళ్లలో 59 శాతం.

ఈ అంకెలను చూసి విశ్వాసులు మొహం తిప్పుకోకూడదు. ప్రార్థన మందు బిళ్లలా పనిచేస్తుందని ఎవరైనా అంటే, కాదని ఈ లెక్క తేల్చింది. కానీ పేటలో ప్రార్థన ఏనాడూ అలా జరగలేదు. ముఖం తెలియని పేరు కోసం కాదు, చాప మీద పక్కన కూర్చున్న మనిషి కోసం. పత్తికొట్టు దగ్గర పడి కాలు విరిగినతని మనవి చెప్పిన రాత్రే, ఎవరు గంజి పట్టుకెళ్లాలి, ఎవరు బండి కట్టాలి, ఎవరు అతని మడికి నీళ్లు పెట్టాలి అన్నది కూడా తేలిపోయేది. ప్రార్థన ఎక్కడ ఆగిందో సాయం ఎక్కడ మొదలైందో గీత గీయలేం.

గొంతు పెరిగాక

తర్వాత తర్వాత ఊళ్లోకి పెద్ద సభలు, మైకులు, ఫోను చేస్తే ప్రార్థించే నంబర్లు వచ్చాయి. వాటివల్ల ఓదార్పు పొందినవాళ్లు ఎంతోమంది ఉన్నారు. కానీ వాటిలో కొన్ని ఆ మూడో అక్షరాన్ని చెరిపేశాయి. "జవాబు రాలేదంటే నీలో విశ్వాసం లేదు" అన్న ఒక్క మాట చాలు, మంచంలో ఉన్న మనిషిని రోగం కంటే ముందు చంపడానికి. గెత్సేమనే తోటలో "ఈ గిన్నె నాయొద్దనుండి తొలగిపోనిమ్ము" అని అడిగిన యేసుకు గిన్నె తొలగలేదు. ఆయనకు విశ్వాసం తక్కువని ఎవరంటారు?

ఇంకో ప్రమాదం మందులు మానేయడం. క్షయకు మామూలుగా ఆరు నెలల మందులు. రెండు నెలలకే దగ్గు తగ్గి, ఒళ్లు తేరుకుంటుంది. అప్పుడు ఎవరో "స్వస్థత వచ్చింది, సాక్ష్యం చెప్పు" అంటారు. మాత్రలు ఆగిపోతాయి. చావకుండా మిగిలిన క్రిములు మళ్లీ పెరుగుతాయి, ఈసారి ఆ మందులకు లొంగకపోవచ్చు. పెద్దాయన కట్టడి ఏమిటంటే, మందు పూర్తయి, కఫం పరీక్ష చేసిన డాక్టరు చెబితే తప్ప "స్తో" రాయరు. యాకోబు పత్రికలో పెద్దలు నూనె రాసి ప్రార్థించమని ఉంది కదా అని ఎవరైనా అంటే, మంచి సమరయుడు గాయాలకు నూనె, ద్రాక్షారసం పోసి కట్టు కట్టిన సంగతి గుర్తుచేసేవారు. ఆ కాలానికి నూనె కూడా మందే.

చివరి పేజీలు

పుస్తకం చివరికొచ్చేసరికి అక్షరాలు పెద్దవవుతాయి. గీతల మీద నిలవవు, వాలుగా పైకి పాకుతాయి. తర్వాత పేజీకి ఆరేడు మనవులే పడుతున్నాయి. ఒకచోట పేరు గడిలో ఆయన తన పేరే రాసుకున్నారు. మనవి: కంటిచూపు. జవాబు గడిలో "కృ", అది గీత దాటి పేజీ అంచు దాకా వెళ్లింది.

ఆ కింద నుంచి చేతిరాత మారింది. గుండ్రటి బడిపిల్ల అక్షరాలు, నీలం సిరా. ఆయన చెబుతుంటే మనవరాలు రాసేదని చుట్టూ నిలబడ్డవాళ్లు చెప్పారు. ఆ పిల్ల స్కేలు పెట్టి కొత్తగా నాలుగు గడులు గీసుకుంది. మొదటి వరసలో తేదీ, తన పేరు. మనవి: మా తాతయ్య కళ్లు. నాలుగో గడిలో "కొ".